ఆరేడేళ్ల పిల్లలకు ఆవరణ వ్యవస్థను ఎక్కడి నుంచి మొదలుపెట్టి పరిచయం చేయాలి?

ప్రశ్న: ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, సిద్దిపేట ప్రాంతం

అందరికీ నమస్కారం. నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు చదువు చెబుతున్నాను. మా తరగతి గోడకు ఆహారపు గొలుసు పటం ఒకటి ఉంది. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద వరుసగా ఉండి, మధ్యలో బాణం గుర్తులు ఉంటాయి. పిల్లలు ఆ వరుసను తడుముకోకుండా అప్పజెబుతారు. కానీ కాస్త నిలబెట్టి అడిగితే వాళ్ల మనసులో ఉన్నది వేరని తెలుస్తోంది. గద్ద దగ్గరికి వచ్చేసరికి కథ అయిపోయిందని వాళ్ల ఉద్దేశం. గడ్డికి ప్రాణం ఉందా అని అడిగితే చాలామంది లేదంటారు, ఎందుకంటే అది కదలదు. పాము చెడ్డదనీ, కప్ప పాపమనీ, చీమలూ పురుగులూ అసలు లెక్కలోకే రావనీ అనుకుంటున్నారు.

ఈ వయసు పిల్లలకు ఉత్పత్తిదారులు (తమ ఆహారం తామే తయారుచేసుకునే మొక్కలు), వినియోగదారులు (మొక్కలనో ఇతర జీవులనో తినేవి), విచ్ఛిన్నకారులు (చచ్చినవాటిని కుళ్లబెట్టి మట్టిలో కలిపేవి) అనే మాటలు ఇప్పుడే చెప్పాలా, తరువాత చెప్పినా సరిపోతుందా? బడికి కాస్త దూరంలో ఊరి చెరువు ఉంది. పిల్లలను అక్కడికి తీసుకువెళ్లడం మంచిదేనా? ప్రయోగశాల, పరికరాలు ఏవీ లేని బడిలో చేయగలిగినవి చెబితే ఎంతో సాయం చేసినవారవుతారు.

జవాబు: విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, నిజామాబాద్

టీచర్ గారూ, పటాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, బడి ప్రహరీ పక్కనో దారి పక్కనో ఉన్న ఒక జిల్లేడు మొక్కను ఎంచుకోమని నా సలహా. చెరువు, అడవి, పొలం ఇవన్నీ పెద్దవి. ఆరేళ్ల పిల్లవాడి చూపు అంత విస్తీర్ణంలో నిలవదు. జిల్లేడు అయితే వాడి ఎత్తులోనే ఉంటుంది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, మేకలు కూడా దాని జోలికి పెద్దగా వెళ్లవు కాబట్టి ఈ వారం చూసిన మొక్క వచ్చే వారం కూడా అక్కడే ఉంటుంది. వినాయక చవితి పత్రిలోనూ, రథసప్తమి స్నానంలోనూ ఆ ఆకును చూసిన పిల్లలకు అది కొత్త మొక్క కూడా కాదు.

ఆ ఒక్క మొక్క మీద ఏమేమి కనిపిస్తాయో కొంచెం వివరంగా చెబుతాను. లేత చిగుళ్ల మీద పసుపు రంగు పేనుబంక గుంపులుగా పట్టి ఉంటుంది. దగ్గరగా చూస్తే నల్లని కాళ్లు కనిపిస్తాయి. అవి మొక్క రసం పీల్చి, వెనుక నుంచి తియ్యని జిగురు చుక్కలు వదులుతాయి. ఆ తీపి కోసం చీమలు బారులు తీరతాయి, అక్కడే కాపలా ఉంటాయి. పేనుబంకను తినడానికి అక్షింతల పురుగులు వస్తాయి, వాటిని చీమలు తరుముతాయి. అక్షింతల పురుగు పిల్ల మాత్రం తల్లిలా గుండ్రంగా, ఎర్రగా ఉండదు. నల్లగా, పొడుగ్గా, చిన్న మొసలి ఆకారంలో ఉండి, వంటి మీద నారింజ మచ్చలు ఉంటాయి. దాన్ని చూసి పెద్దవాళ్లే హానిచేసే పురుగనుకుని నలిపేస్తుంటారు. దాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్న పిల్లవాడు ఆ తరువాత పత్తి చేలోకి వెళ్లినా, కూరగాయల మడిలోకి వెళ్లినా గుర్తుపడతాడు.

ఆకు అడుగున ఒంటరిగా ఉన్న తెల్లని చిన్న గుడ్డు కనిపిస్తే పిల్లల అదృష్టం పండినట్లే. నారింజ రంగు రెక్కలకు నల్ల అంచు, ఆ అంచులో తెల్ల చుక్కలు ఉండే సీతాకోకచిలుక పెట్టిన గుడ్డది. అందులోంచి వచ్చే గొంగళి పురుగుకు నలుపు, తెలుపు, పసుపు చారలు ఉంటాయి, వీపు మీద మూడు జతల నల్లని పోగులు నిలబడి ఉంటాయి. జిల్లేడు పాలలో విషం ఉన్నా ఈ పురుగు ఆ ఆకునే తిని, ఆ విషాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది. అందువల్ల పిట్టలు దాన్ని ముట్టవు, పెద్దదై రెక్కలు వచ్చాక కూడా ముట్టవు. గుడ్డు నుంచి రెక్కల దాకా సుమారు మూడు నాలుగు వారాలు పడుతుంది. రోజుకు ఐదు నిమిషాలు చూస్తే చాలు, ఒక జీవితం మొత్తం పిల్లల కళ్ల ముందే నడుస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పువ్వు సంగతి. జిల్లేడు పువ్వులో పుప్పొడి పొడిగా రాలదు, చిన్న ముద్దలుగా అతుక్కుని ఉంటుంది. ఆ ముద్దను కాలికి తగిలించుకుని మరో పువ్వుకు చేరవేయగల బలం పెద్ద నల్ల తుమ్మెదకు ఉంటుంది. ఆ తుమ్మెద ఎండిన కర్రలోనో, వెదురు బొంగులోనో బొర్ర చేసుకుని పిల్లలను పెడుతుంది. అంటే మీ బడి పక్కన పశువుల కొట్టానికి వేసిన పాత వెదురు వాసం లేకపోతే ఇక్కడి జిల్లేడుకు కాయలు తగ్గవచ్చు. కొట్టానికీ జిల్లేడుకూ ఉన్న ఈ సంబంధాన్ని పిల్లలు తుమ్మెద వెంట నడిచి తామే కనిపెట్టగలరు. ఆవరణ వ్యవస్థ అంటే నా దృష్టిలో ఇదే. ఎవరు ఎవరిని తింటారన్నది అందులో ఒక భాగం మాత్రమే. ఎవరు ఎక్కడ ఉంటారు, ఎవరి వల్ల ఎవరికి పని జరుగుతుంది అన్నవి పటంలోని బాణాల్లో పట్టవు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. జిల్లేడు పాలు కంట్లో పడితే కంటికి తీవ్రమైన హాని జరుగుతుంది. ఆకు తుంచకూడదు, కొమ్మ విరవకూడదు, చూసి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి అనే నియమం మొదటి రోజే పెట్టండి. ఆకు తిప్పి చూపడం మీరే చేయండి.

ఇక మాటల గురించి. ఉత్పత్తిదారులు, వినియోగదారులు అనే పేర్లు నాలుగైదు తరగతులలో వచ్చినా నష్టం లేదు. మొక్కకు ప్రాణం ఉందని చిన్నపిల్లలు ఒప్పుకోకపోవడం మీ బడిలోనే కాదు, అంతటా ఉన్నదే. కదిలేదానికే ప్రాణం ఉంటుందని ఈ వయసు పిల్లలు అనుకుంటారని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే దాదాపు నూరేళ్ల క్రితమే గమనించాడు. వాదించి లాభం లేదు. ఒక చిగురు పక్కన పుల్ల పాతి, దాని మీద రోజూ గీత పెట్టించండి. చిగురు ఎదగడం కళ్లారా చూసిన తరువాత మళ్లీ అడగండి.

జవాబు: వరి రైతు, కోనసీమ

అధ్యాపకులు గారు చెప్పిన జిల్లేడు మాట నాకు చాలా నచ్చింది. ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం కొంచెం వేరు. పల్లెటూరి పిల్లలు పొలం వాతావరణంలోనే పెరుగుతున్నారు కాబట్టి వాళ్లకు కొన్ని మాటలు చిన్నప్పుడే అందాలి. మేము వాడుకునే మిత్ర పురుగు, శత్రు పురుగు అనే మాటలు ఐదేళ్ల పిల్లకు కూడా తేలికగా అర్థమవుతాయి.

వరి దుబ్బును రెండు చేతులతో విడదీసి మొదళ్ల దగ్గర చూపించండి. నీటి మట్టానికి కాస్త పైన వరి రసం పీల్చే గోధుమ రంగు సుడిదోమలు కనిపిస్తాయి. అదే దుబ్బులో సాలీళ్లు కూడా కనిపిస్తాయి. వాటిలో కొన్ని గూడు అల్లకుండా నీటి మీదా కాండం మీదా పరుగెత్తి దోమలను పట్టి తింటాయి. మందు మోతాదు మించి కొట్టిన మడిలో ముందు చచ్చేది సాలీళ్లే. కొన్ని రోజులకు సుడిదోమ మునుపటికన్నా ఎక్కువగా తిరిగి వస్తుంది, ఎందుకంటే దాన్ని తినేవాళ్లు మిగలలేదు. మందు కొట్టని మడి, కొట్టిన మడి పక్కపక్కన ఉంటే పిల్లలే తేడా చెబుతారు. అయితే మందు కొట్టిన మడిలోకి పిల్లలను దించకండి, గట్టు మీది నుంచే చూపించండి.

పాము చెడ్డదన్న మాటకు మా గట్టు మీదే జవాబు ఉంది. ఎలుకలు, పందికొక్కులు గట్టుకు బొరియలు చేసి నీళ్లు కార్చేస్తాయి, కోతకొచ్చిన వెన్నులు కొరికి పోగు వేసుకుంటాయి. జెర్రిపోతు ఆ బొరియల్లో దూరి వాటిని తింటుంది, దానికి విషం లేదు. విషం ఉన్న తాచు, కట్లపాము, రక్తపింజర కూడా ఎలుకలను తింటాయి. కాబట్టి పిల్లలకు రెండు విషయాలూ కలిపే చెప్పాలి: ఏ పాము కనిపించినా దూరంగా ఆగిపోయి పెద్దవాళ్లను పిలవాలి, ఏ పామునూ కొట్టకూడదు. ఒకటి చెప్పి రెండోది వదిలేస్తే ప్రమాదమే.

కప్పల విషయమూ చెబుతాను. ఒకప్పుడు మన దేశం నుంచి కప్ప కాళ్లు విదేశాలకు పెద్ద ఎత్తున ఎగుమతి అయ్యేవి. 1987లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. కప్పలు తగ్గిన పొలాల్లో పురుగుల బెడద పెరుగుతోందన్న ఆందోళన ఆ నిర్ణయం వెనుక ఉన్న కారణాలలో ఒకటి. ఈ సంగతి పిల్లలకు ఇప్పుడే అక్కరలేదు కానీ వాళ్లను బడి నుంచి తీసుకువెళ్లడానికి వచ్చే తల్లిదండ్రులకు తప్పక చెప్పండి.

జవాబు: పక్షులను గమనించే వ్యక్తి, వరంగల్

చెరువు గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. తీసుకువెళ్లండి, కానీ కట్ట దిగనివ్వకండి. 2015లో చెరువులను బాగుచేసే ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ మొదలైన తరువాత చాలా చెరువులలో పూడిక తీశారు. అంతకుముందు మోకాలి లోతున్న చోట ఇప్పుడు గోతులు ఉండవచ్చు, నీళ్లు నిండాక అవి పైకి కనిపించవు. కట్ట మీద వరుసగా కూర్చోబెట్టి చూపించినా చూడదగినవి చాలా ఉంటాయి.

నేను పిల్లలకు పేర్లు చెప్పకముందు ఒకే ప్రశ్న వేస్తాను: ఈ చెరువులో చేపను పట్టేవాళ్లు ఎంతమంది, ఎవరెవరు ఎలా పడుతున్నారు? కొంగ లోతు లేని అంచున కదలకుండా నిలబడుతుంది. నీటికాకి మునిగి నీటి లోపల వెంటాడుతుంది, ఆ తరువాత గట్టు మీదికో మోడు మీదికో ఎక్కి రెక్కలు చాచి ఆరబెట్టుకుంటుంది. లకుముకి పిట్ట కరెంటు తీగ మీద నుంచి బాణంలా దూకుతుంది. చివరికి జాలరి తాత వల వేస్తాడు. ఒకే చేప, నాలుగు పద్ధతులు, నాలుగు చోట్లు. ఒక చెరువులో ఇందరు ఎలా బతుకుతున్నారో పిల్లలకు మాటలు లేకుండానే అర్థమవుతుంది. ఆ జాబితాలో మనిషి ఉండడం చాలా ముఖ్యమని నా గట్టి నమ్మకం. మనుషులు లేని ప్రకృతి పటాలు చూసి చూసి పిల్లలు తమను తాము బయట నిలబెట్టుకుంటున్నారు.

వానాకాలంలో వెళితే ఎర్రటి చిన్న చేప పిల్లలు గుంపుగా నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోవడం కనిపించవచ్చు. అవి కొర్రమీను పిల్లలు. కింద తల్లీ తండ్రీ కాపలా తిరుగుతుంటాయి. తెలంగాణ రాష్ట్ర చేప అదేనని చెబితే పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. చెరువులో గుర్రపు డెక్క పట్టి ఉంటే దాన్నీ చూపించండి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క నీటిని కప్పేస్తే అడుగుకు వెలుతురు అందదు, నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చిపోతాయి. మొక్కలన్నీ ప్రతిచోటా మేలు చేయవన్న విషయం కూడా చిన్నప్పుడే తెలియడం మంచిది.

పేర్ల విషయంలో మొహమాటపడకండి. పసులపోలిగాడు, గిజిగాడు, పాలపిట్ట, గోరింక అనే పేర్లు పిల్లల నోటికి తేలికగా పడతాయి, పేరు తెలిసిన పిట్టను పిల్లలు మళ్లీ మళ్లీ వెతుకుతారు. పసులపోలిగాడు బర్రె వీపు మీద కూర్చుని దాని కాళ్ల కింద నుంచి లేచే పురుగులను పట్టడం ఒకసారి చూపిస్తే, బర్రె, గడ్డి, పురుగు, పిట్ట కలిసి ఉన్న బొమ్మ వాళ్లే గీస్తారు.

ఉపాధ్యాయిని

మీ అందరికీ ఎంతో కృతజ్ఞతలు. బడి వెనుక ఉన్న జిల్లేడు దగ్గరికి పిల్లలను తీసుకువెళ్లడం మొదలుపెట్టాం. పేనుబంక, చీమలు, రెండు అక్షింతల పురుగులు కనిపించాయి. గుడ్డు ఇంకా దొరకలేదు. కానీ ఒక కొత్త చిక్కు వచ్చింది. పువ్వు చాటున పొంచి ఉన్న సాలీడు ఒక చిన్న సీతాకోకచిలుకను పట్టుకోవడం పిల్లలు చూశారు. ఒక పాప ఏడ్చింది, విడిపించమని నా కొంగు పట్టుకుని లాగింది. మరో అబ్బాయి సాలీడును కొట్టడానికి పుల్ల తీశాడు. అప్పటికి ఆపాను కానీ ఏం చెప్పాలో తోచలేదు. తినడం, చావడం అనే విషయాలను ఇంత చిన్నపిల్లలకు ఎంతవరకు చెప్పాలి?

జవాబు: ఇద్దరు పిల్లల తల్లి, హైదరాబాద్

టీచర్ గారూ, మాది అపార్ట్‌మెంట్ కాబట్టి మాకు దొరికేది బాల్కనీలోని కరివేపాకు కుండీ ఒక్కటే. దాని మీద కూడా సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. చిన్న గొంగళి పురుగు చూడడానికి పిట్ట రెట్టలా ఉంటుంది, పెరిగాక పచ్చగా మారుతుంది, ముట్టుకుంటే తల వెనుక నుంచి రెండు పాయల ఎర్రని కొమ్ము బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. పిల్లలు దాన్ని చూసి పరవశించిపోతారు.

ఒకసారి మా చిన్నది ఒక ప్యూపాను, అంటే గొంగళి పురుగు సీతాకోకచిలుకగా మారే ముందు కదలకుండా ఉండే గూటిని, ఎంతో ఆశగా కాపలా కాసింది. అందులోంచి సీతాకోకచిలుక రాలేదు, చీమ కన్నా చిన్నవైన కందిరీగల్లాంటి పురుగులు బిలబిలా బయటికి వచ్చాయి. వాటి తల్లి తన గుడ్లను ఆ ప్యూపాలో పెట్టింది, పిల్లలు లోపలి జీవిని తిని పెరిగాయి. మా చిన్నదానికి బాధ కలిగింది. ఆ బాధను నేను తీసేయడానికి ప్రయత్నించలేదు. "ఇది నీకు బాధగా ఉంది, నాకూ ఉంది. ఆ చిన్న పురుగులకు మాత్రం ఇవాళే పుట్టినరోజు" అని జరిగింది జరిగినట్లు చెప్పాను. కాసేపు ఆలోచించి, అవి ఇప్పుడు ఎక్కడికి వెళతాయని అడిగింది. ఆ ప్రశ్న వచ్చిన తరువాత మిగిలినది మాట్లాడుకోవడం సులువయింది.

అబద్ధం చెప్పకూడదు, భయపెట్టే వివరాలూ అక్కరలేదు. సాలీడుకు ఆకలి వేసింది, అది ఆకు తినలేదు, దానికీ పిల్లలు ఉన్నాయి అనే మూడు మాటలు ఆరేళ్ల పాపకు చాలు. విడిపించమని అడిగినప్పుడు విడిపించకపోవడానికి కారణం కూడా చెప్పాలి. మనం ఈ మొక్క దగ్గరికి చూడడానికి వచ్చినవాళ్లం, ఇది వాళ్ల ఇల్లు.

ఇందులోనే ఇంకొకటి కలిపి చెప్పండి. తూనీగ తోకకు దారం కట్టి ఎగరవేయడం మన పిల్లలకు తరతరాల ఆట. సాలీడు ఆకలి కోసం పట్టుకుంటుంది, దారం కట్టేవాళ్లకు ఏ ఆకలీ లేదు. ఈ తేడా పిల్లలకు చాలా తొందరగా తెలుస్తుంది. పైగా తూనీగ పిల్లలు నీటిలో పెరుగుతూ దోమ పిల్లలను తింటాయి. వానాకాలం చివర గుంపులుగా ఎగిరే పసుపు తూనీగలలో కొన్ని హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా తూర్పు తీరం దాకా వెళతాయి. ఇది విన్న తరువాత మా పిల్లలెవరూ దారం అడగలేదు.

జవాబు: విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, నిజామాబాద్

అమ్మా, మీరు చెప్పిన దానికి చేర్చవలసింది నా దగ్గర పెద్దగా లేదు. ఒక్కటి మాత్రం టీచర్ గారికి చెబుతాను. గద్దతో కథ అయిపోయిందని పిల్లలు అనుకుంటున్నారని మొదట్లో రాశారు కదా. దానికి మందు చనిపోయిన వాటిని దాచకుండా చూపించడమే. చచ్చిన మిడతనో, రాలిన ఆకులనో మొక్క మొదట్లో ఒక చోట ఉంచి, చుట్టూ నాలుగు రాళ్లు పెట్టి గుర్తు పెట్టండి. మిడతను చీమలు ముక్కలు చేసి మోసుకుపోతాయి, అది ఒకటి రెండు రోజుల పని. ఆకులకు చాలా వారాలు పడుతుంది. ముందు బూజు పడుతుంది, తడి ఉంటే వానపాములు కిందికి లాగుతాయి, చివరికి ఈనెలు మాత్రమే వలలా మిగులుతాయి. పక్కనే ఒక ప్లాస్టిక్ కవరు ముక్కను కూడా రాయి కింద పెట్టించండి. సంక్రాంతి సెలవుల తరువాత రెండూ తీసి చూడమనండి.

జవాబు: కాకినాడ నుంచి

పిల్లలు కొంచెం పెద్దయ్యాక, మూడో తరగతి దాటాక, వీలైతే మా కోరింగ మడ అడవులకు తీసుకురండి. 1978 నుంచి అది అభయారణ్యం. చెక్క వంతెన మీద నడుస్తూ గాలి కోసం బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడ వేళ్లను, ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉండే మగ పీతలను, బురద మీద గెంతే చేపలను చూడవచ్చు. పోటు సమయంలో వస్తే నీళ్లు తప్ప ఏమీ కనిపించవు కాబట్టి ఆటు వేళ కనుక్కుని బయలుదేరండి. జిల్లేడు దగ్గర చూడడం నేర్చుకున్న పిల్లలు ఇక్కడ ఏమి అడుగుతారో వినాలని నాకు ఆశగా ఉంది. బావురు పిల్లి, నీటికుక్కలు ఉన్నాయి కానీ పగటిపూట కనిపించడం అరుదు. వాటి అడుగుజాడలు బురదలో దొరికితే అవే పిల్లలకు చూపిస్తాం.

ఉపాధ్యాయిని

ఆకుల పక్కన ప్లాస్టిక్ ముక్క కూడా పెట్టాం. సాలీడును కొట్టబోయిన అబ్బాయే ఇప్పుడు రోజూ ముందుగా వెళ్లి అది ఏ పువ్వు మీద ఉందో చూసి వచ్చి చెబుతున్నాడు. రైతు గారూ, మా ఊళ్లో నాట్లు పడ్డాక గట్టు మీదికి వెళదామనుకుంటున్నాను. సాలీళ్లు మడిలో బాగా కనిపించడానికి నాటిన ఎన్ని వారాలకు వెళితే మంచిదో, పొద్దున వెళ్లాలో సాయంత్రం వెళ్లాలో చెప్పగలరా?

జవాబు: వరి రైతు, కోనసీమ

నాటిన నెల దాటాక, దుబ్బు చేసిన తరువాత వెళ్లండి. పొద్దున ఎండ ఎక్కకముందు అయితే గూళ్ల మీద మంచు పట్టి తెల్లగా కనిపిస్తాయి, పిల్లలకు వెతకడం తేలిక. మందు ఎప్పుడు కొట్టారో ఆ మడి రైతును ముందు రోజే అడిగి తెలుసుకోండి. కొట్టి ఎక్కువ రోజులు కాకపోతే ఆ మడి వదిలేసి మరో మడికి వెళ్లండి.